గురువారం వచ్చిన మనిషి

"నాకే అబద్ధం చెప్పినావు చెంచమ్మా. నెల్లూరు దాకా వచ్చి, కాళ్ళావేళ్ళా పడి పిలుచుకొచ్చుకున్న మనిషికే!"

రజిని గొంతు పెంచలేదు. మామూలు కోపానికి ఆమె గట్టిగానే అరుస్తుంది. అసలు కోపం వచ్చిందంటే మాట మెత్తబడుతుంది. ఆ సంగతి తెలియని చెంచమ్మ, ఆత్మకూరు పోలీసు స్టేషన్ వరండాలో గోడకు ఆనుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బిత్తరచూపులు చూసింది.

శనివారం మధ్యాహ్నం రెండుంబావు. ఐదు గంటలకు చెంచమ్మ మొగుడు మాల్యాద్రిని మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. అక్కణ్ణుంచి జైలు. పాస్‌పోర్టు కోర్టులో పడుతుంది, మస్కట్‌లో పని పోతుంది, హత్యకేసు ఎన్నేళ్ళు నడుస్తుందో ఆ దేవుడికే తెలియాలి. రజిని చేతిలో ఉన్నది మూడు గంటలు కూడా కాదు.

"మంగళవారం సాయంత్రం ఆరుకూ ఏడున్నరకూ మధ్య టాక్సు లెక్కలు రాసే వరప్రసాదాన్ని అతని ఆఫీసులోనే తల పగలగొట్టి చంపినారు. నీ మొగుడు దేశంలో దిగిందే గురువారం అన్నావు నాతో. పోలీసులు పాస్‌పోర్టు తీసి చూస్తే మద్రాసు ఎయిర్‌పోర్టు ముద్ర సోమవారానిది. పదకొండో తారీఖు. ఇప్పుడేమంటావు?"

"దిగినాడని నేనన్లేదు మేడం. వచ్చినాడన్నాను. గురువారమే వచ్చినాడు."

"మళ్ళీ అదే మాట!"

"నా బిడ్డల మీద ఒట్టు. గురువారం పొద్దున ఎనిమిదిన్నరకు గడప తొక్కినాడు. కాళ్ళకు నీళ్ళిచ్చినాను, దిష్టి తీసినాను. పల్లె పల్లె చూసినాది. మా పెద్దాయన రామనారాయణ గారు గూడా మాట మార్చొద్దే, గురువారమనే చెప్పు అన్నాడు. మాకు ఆయనే దిక్కు. లాయరు ఖర్చు ఆయనే పెట్టుకుంటానన్నాడు. మా అత్తను సాక్ష్యానికి తన కారులోనే తోలుకొస్తా ఉండాడు."

ఉదయగిరి రామనారాయణ పేరు రజినికి తెలుసు. పొలాలు, పలుకుబడి, ఏ ఊళ్ళో తగువు తీర్చాలన్నా ముందు కుర్చీ ఆయనదే. ఈ చుట్టుపక్కల నలభై మంది వెల్డర్లను మస్కట్ పైపులైను పనికి పంపించింది కూడా ఆయనే. కష్టంలో ఉన్న ఆడమనిషికి మంచి మాట చెప్పబోయి చెడ్డ సలహా ఇచ్చాడు కాబోలు అనుకుని, లోపలికి నడిచింది.

రజిని పదకొండేళ్ళు ఆదాయపు పన్ను ఇన్‌స్పెక్టరుగా పనిచేసింది. పైవాళ్ళతో పొసగక రాజీనామా పారేసి, నెల్లూరులో సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకుంది. అబద్ధాలు వినీ వినీ ఆమె చెవులు పండిపోయాయి. అబద్ధం చెప్పే మనిషి గంటా నిమిషం దగ్గర తడబడతాడు. చెంచమ్మ తడబడలేదు. అదే రజిని కోపాన్ని రెట్టింపు చేసింది.

లాకప్‌లో మాల్యాద్రి ఊచలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నలభై దాటిన మనిషి. నిప్పురవ్వలు పడి ముంజేతుల నిండా చిన్నచిన్న మచ్చలు. పది నిమిషాలేనని చెప్పి కానిస్టేబుల్ పక్కకు తప్పుకున్నాడు.

"సోమవారం తెల్లారి విమానం దిగినావు. గురువారం దాకా ఎక్కడ చచ్చినావు?"

"మందలో మేడం. దుత్తలూరు అవతల మిట్ట మీద మా గొర్రెల మంద దించి ఉండాది. మాయమ్మ ఆడనే ఉంటాది."

"ఇల్లు పెట్టుకొని గొర్రెల్లో ఎందుకు పడుకున్నావు?"

చిన్నపిల్ల అడిగే ప్రశ్న అడిగినట్టు చూశాడతను. "దూరదేశం పోయొచ్చినోడు ఎప్పుడంటే అప్పుడు ఇంట్లోకి ఎట్ట పోతాడు? సోమవారం నేను ఊరు చేరేతలికి వర్జ్యం. మంగళవారం సరేసరి. బుధవారం నాకు తారాబలం లేదన్నాడు అయ్యవారు. గురువారం ఎనిమిదిన్నరకు మంచిదన్నాడు. గడప తొక్కితేనే గదా వచ్చినట్టు."

"పోయేటప్పుడు?"

"పోయేటప్పుడు పరస్తానం పెడతాము. టికెట్టు రోజు మంచిది కాకపోతే, ముందుగానే మంచిరోజు చూసి సంచి తీసకపోయి ఇంకోళ్ళింట్లో పెడతాము. సంచి గడప దాటినాదంటే మనిషి పోయినట్టే. పోయిన తూరి మూడు దినాలు ముందే పెట్టినాము."

నవ్వాలో తల బాదుకోవాలో రజినికి తెలియలేదు. పన్ను శాఖ మాల్యాద్రికి పంపిన నోటీసు ఆమె సంచిలోనే ఉంది. ఏడాదిలో నూట ఎనభై రెండు రోజులు దేశంలో ఉన్నవాడు బయటి సంపాదన మీద కూడా ఇక్కడ పన్ను కట్టాలి. మాల్యాద్రి ఉన్నది నూట డెబ్బై ఎనిమిది రోజులేనని వరప్రసాదం రాశాడు. కాదు, నూట ఎనభై నాలుగు అంది శాఖ. వడ్డీతో కలిపి తొమ్మిది లక్షల నలభై వేలు కట్టమంది. ఆ ఆరు రోజులు ఎక్కడివో ఎవరికీ అంతుపట్టలేదు.

"వచ్చినప్పుడు మందలో మూడు. పోయినప్పుడు సంచి పోయి నువ్వు పోకుండా మూడు. అవేనా ఆరు?"

"వరప్రసాదం గూడా అదే చెప్పి తల కొట్టుకున్నాడు మేడం. నోటీసు వచ్చిన కొత్తల్లో ఆయన్ని ఫోన్లో తిట్టినమాట నిజమే. నరుకుతానన్నాను. పక్కన పది మంది విన్నారు. ఆనక ఆయనే కూచోబెట్టి చెప్పినట్టు చెప్పినాడు. గడప లెక్క ఎయిర్‌పోర్టోళ్ళకు పట్టదురా, ఇకమీదట టికెట్టు నాకే పంపించు అన్నాడు. మొన్న ఆదివారం టికెట్టు ఫోటో పంపించినాను. పదకొండు నుంచి రాసుకుంటా, రాంగానే కనపడు, ఖర్చుల సంగతి మాట్లాడాల, అది ఫోన్లో చెప్పేది కాదు అన్నాడు."

"ఏం ఖర్చులు?"

"ఏముంటాయి! విమానం టికెట్టు, రూము బాడుగ, బూట్లు, హెల్మెట్టు. నెలజీతగాళ్ళకైతే కంపెనీ పెట్టుకుంటాది. మేము కాంట్రాక్టోళ్ళం, జాయింటుకింత అని లెక్క. మా ఖర్చు మాదే."

"అట్లని కంపెనీ చెప్పిందా?"

"కంపెనీ మొగం మేమెప్పుడు చూసినాము? పంపించినోళ్ళు చెప్పినారు."

రజిని బయటికి వచ్చేసరికి సి.ఐ. కోటేశ్వర్ జీపు పక్కన నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. జిల్లా నుంచి ఈ కేసు కోసమే దిగిన మనిషి. రెండేళ్ళ కిందట ఒక కేసులో రజిని అతను పట్టుకున్న ముద్దాయి నిర్దోషి అని తేల్చింది. పేపర్లలో వచ్చింది. అప్పటినుంచి ఆమె మొహం చూస్తే అతనికి కారం రాసుకున్నట్టుంటుంది.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు రజిని గారూ? వాళ్ళమ్మ తప్ప ఇంకో సాక్షి లేడు వాడికి. పిల్లికి ఎలుక సాక్ష్యం. ఫోను కూడా కట్టేసి ఉండింది."

"మస్కట్ సిమ్ము ఇక్కడ పనిచేయదు కాబట్టి కట్టేసి ఉండింది. ఆఫీసు ఒకసారి చూపించండి. చూపించకపోతే ఐదు గంటలకు మేజిస్ట్రేటు ముందు ఆ మాటే చెప్తాను."

పళ్ళు కొరుక్కుంటూ జీపెక్కమన్నాడు.

మూడూ ఐదుకు సీలు విప్పారు. ఆత్మకూరు బస్టాండు వీధిలో మేడమీద ఒకటే గది. ఒక టేబులు, రెండు కుర్చీలు, గోడ పొడవునా ఫైళ్ళు. టేబులు అంచున ఎండిన రక్తం. వెనకనుంచి ఒకటే దెబ్బ. ఫైళ్ళకు బొక్కలేసే ఇనప పంచింగ్ మిషన్ ఎత్తి కొట్టారు. దాన్ని పోలీసులు ల్యాబుకు పంపించేశారు. తలుపు విరగలేదు. వచ్చినవాడు తెలిసినవాడే. బుధవారం పొద్దున తొమ్మిదికి ఊడ్చే మనిషి చూసింది, పదింటికల్లా సీలు పడింది.

"మాల్యాద్రి ఫైలు?"

"అదిగో, అరలోనే ఉండింది. నోటీసు సంగతి తెలిసినాక నేనే తీసి చూసినాను. ఏముంది, రోజుల లెక్క."

రజిని ఫైలు విప్పింది. పైనే అచ్చు వేసిన ఫారం. వచ్చిన తేదీ, పోయిన తేదీ, మొత్తం రోజులు. అన్నీ అంకెలే. కింది వరసలో ఈసారి రాక కూడా రాసి ఉంది.

పద్నాలుగు.

రజిని ఆ అంకె మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయింది. ఆ తర్వాత అరలోంచి ఇంకో ఫైలు లాగింది. దుత్తలూరు మనిషిది. ఇంకొకటి, కొండాపురం మనిషిది. మూడూ టేబులు మీద పక్కపక్కన పరిచి, టార్చి వేసి, కాగితాల అంచులు ఒక్కొక్కటే తడిమింది.

"సి.ఐ. గారూ, ఇలా రండి. ఈ బొక్కలు చూడండి."

"బొక్కలేంది?"

"దారం ఎక్కించడానికి వేసిన బొక్కలు. అన్ని ఫైళ్ళలోనూ కుడి బొక్క గుండ్రంగా తెగింది, ఎడమది సగం తెగి సగం వేలాడుతోంది. ఆ మిషన్‌కు ఎడమ పన్ను మొద్దుబారింది. మాల్యాద్రి ఫైల్లో పాత కాగితాలన్నీ అంతే. ఈ పై కాగితం ఒక్కటే బాల్‌పెన్నుతో పొడిచి ఎక్కించినారు. ఇంకు మరక కూడా ఉంది. చేతికందేంత దూరంలో పంచింగ్ మిషన్ ఉంచుకొని వరప్రసాదం పెన్నుతో ఎందుకు పొడుచుకుంటాడు?"

కోటేశ్వర్ వంగి చూశాడు.

"ఎందుకంటే, ఈ కాగితం ఫైల్లోకి ఎక్కేసరికి ఆ మిషన్ రక్తంలో ఉంది. దీన్ని పెట్టింది వరప్రసాదం కాదు. వరప్రసాదాన్ని చంపినవాడు."

కోటేశ్వర్ పకపకా నవ్వాడు.

"శభాష్! నా కేసును మీరే సిమెంటు పోసి గట్టిచేసినారు. చంపినోడు మాల్యాద్రి. నేను ఆ రోజు దేశంలోనే లేనని చూపించుకోవడానికి పద్నాలుగు అని రాసి పెట్టినాడు. పెళ్ళాంతో కూడా అదే చెప్పించినాడు. అయిపోయింది!"

రజినికి నెత్తురు ముఖంలోకి పొంగింది. ఈసారి మాట మెత్తబడలేదు.

"ఏమయ్యా, బుర్ర ఇంటి దగ్గర పెట్టి వచ్చినావా? గడప లెక్క చెల్లదని తొమ్మిది లక్షలు పోగొట్టుకుని నేర్చుకున్న మనిషి వాడు! ఎయిర్‌పోర్టు ముద్ర పాస్‌పోర్టులో ఉందని తెలిసినవాడు! పదకొండు అని టికెట్టుతో సహా వరప్రసాదానికి తనే పంపించినాడు. వాడి ఫోను మీ కవర్లోనే ఉంది గదా. తెరిచి చూసినారా ఒక్కసారైనా?"

"ఛార్జింగు..." అన్నాడు కోటేశ్వర్.

"ఛార్జింగు లేదా? ఒక మనిషిని ఉరికంబం దాకా తోలడానికి టైముంది, ఫోనుకు వైరు తగిలించడానికి లేదా?"

మెట్ల మీదున్న కానిస్టేబుల్ మొహం పక్కకు తిప్పుకున్నాడు. కోటేశ్వర్ ముఖం కందగడ్డలా ఎర్రబడింది. అయినా మనిషి దొంగ కాడు, మొండివాడంతే. ఫోను తెప్పించి, వరప్రసాదం టేబులు మీది వైరే తగిలించాడు. తెర వెలిగాక స్టేషన్ కానిస్టేబుల్‌కు ఫోన్ చేసి, లాకప్‌లో ఉన్న మాల్యాద్రిని పిన్ను అడిగించాడు. ఆదివారం మెసేజీ ఉంది. టికెట్టు ఫోటో ఉంది. వరప్రసాదం జవాబు ఉంది. పదకొండు నుంచి రాసుకుంటా.

"అంటే వరప్రసాదానికి పదకొండు తెలుసు. మాల్యాద్రికి పదకొండు తెలుసు. పద్నాలుగు అని రాసినవాడికి అది తెలియదు. మాల్యాద్రి గురువారం వస్తాడని ఎవరో చెప్పగా విన్నాడు, నమ్మినాడు. ఇంకో సంగతి. మిగతా ఫైళ్ళన్నిట్లో రోజుల కాగితం కింద ఖర్చుల కాగితం ఉంది. మాల్యాద్రి ఫైల్లో లేదు. రెండూ కలిపి కుట్టిన పాత కాగితాలు చించి, ఆ ఖాళీ కనపడకుండా ఈ కొత్తది పెట్టినాడు."

"ఖర్చుల కాగితంలో ఏముంటాది చంపుకునేంత?"

రజిని కొండాపురం మనిషి ఫైలు తిప్పింది. టికెట్టు ముప్పైయెనిమిది వేలు. రూము. బూట్లు, హెల్మెట్టు, చేతి తొడుగులు. స్వంత ఖర్చు అని ఇంకుతో ఉంది. పక్కన పెన్సిల్‌తో, కళ్ళు చికిలించి చూస్తే తప్ప కనపడనంత సన్నగా, వరప్రసాదం రాసుకున్న ముక్క ఒకటి ఉంది.

"కంపెనీ ఇచ్చినాది. మనిషికి ముట్టలేదు."

దుత్తలూరు ఫైల్లోనూ అదే. ఇంకో ఫైలు తీశారు. అదే. ఈసారి కోటేశ్వర్ తనే ఆత్రంగా లాగుతున్నాడు. పది ఫైళ్ళు చూసేసరికి అతని చేతులు ఆగిపోయాయి.

"మాల్యాద్రి నోటీసుకు జవాబు రాయడానికి వరప్రసాదం కంపెనీ నుంచి కాగితాలు తెప్పించి, ఆ ఫైల్లోనే పెట్టి ఉంటాడు" అంది రజిని. "అప్పుడు బయటపడింది. కంపెనీ ప్రతి మనిషికీ టికెట్టు, బస, సామాను డబ్బు ఇస్తూనే ఉంది. ఈ అమాయకులు అప్పులు చేసి టికెట్లు కొనుక్కుంటున్నారు. ఆ డబ్బు మధ్యలో ఎవరో మింగుతున్నారు. నలభై మందిది, ఆరేళ్ళుగా."

ఆ మాట అంటున్నప్పుడు ఆమెకు మాల్యాద్రి ముంజేతుల మీది మచ్చలు కళ్ళముందు కదిలాయి. నిప్పుల్లో చెయ్యి పెట్టి సంపాదించేవాడి బూట్ల డబ్బు కూడా తినేవాడిని ఏమనాలి? ఆమెకు వచ్చిన తిట్లలో ఏదీ చాలలేదు.

"నలభై మందినీ పంపించింది..." అని కోటేశ్వర్ ఆగిపోయాడు. ఆ వెంటనే గొంతు సవరించుకున్నాడు. "పెద్దమనుషుల మీద ఊరికే నోరు పారేసుకోకూడదు. గురువారం సంగతి ఆయనకు తెలుసునని ఏం రుజువుంది?"

రజిని చెంచమ్మకు ఫోన్ చేసి స్పీకరు నొక్కింది. గోడ గడియారం మూడూ నలభై చూపిస్తోంది.

"చెంచమ్మా, నీ మొగుడు గురువారం వస్తాడని ముందుగా ఎవరెవరికి చెప్పినావు?"

"ఎవురికి చెప్తాను మేడం, దిష్టి తగల్దా? పెద్దాయనకొక్కడికే. వచ్చేది పోయేది అన్నీ ఆయనకే గదా చెప్తాము, ఆయనే వరప్రసాదం కాడ రాయిస్తాడు. సంచి గూడా ఆయనింట్లోనే పెడతాము, అచ్చొచ్చిన ఇల్లని. ఆదివారం ఆయనే ఫోన్ చేసి, మొగుడెప్పుడొస్తాడే అన్నాడు. గురువారం వస్తాడన్నాను."

"మందలో ఉన్న సంగతి?"

"అది నిన్న పోలీసులు పట్టకపోయినాక చెప్పినాను. మంగళవారం రాత్రి మా అత్త చేతి సంగటి తిన్నాడు, అత్త ఎవురికైనా చెప్తాది అన్నాను. అట్టనా అని శానాసేపు మాట్లాళ్ళేదు. ఆనక, ముసలామెను నేనే తోలుకొస్తాలే, నువ్వు బస్సుల్లో తిప్పొద్దు అన్నాడు. రెండింటికే బయల్దేరినారంట. ఇంకా రాలేదు. ఏం మేడం?"

కోటేశ్వర్, రజిని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అతని మొహంలో ఇప్పుడు మొండితనం లేదు.

అత్త శీనమ్మ దగ్గర బొత్తాల ఫోను ఒకటి ఉందని చెంచమ్మ నంబరిచ్చింది. ఐదారు సార్లు మోగాక ముసలి గొంతు పలికింది. కారు హోరు వినపడుతోంది.

"ఎవురు?"

"అవ్వా, నేను రజినిని. నీ కొడుకు కేసు చూసేదాన్ని. ఎక్కడున్నారు?"

"కార్లో ఉండానమ్మా. పెద్దాయన తోలతా ఉండాడు. డ్రైవరు రాలేదంట." ముసలామె కొంచెం గొంతు తగ్గించింది. "బిడ్డా, నాకొకటి అర్థం గాలా. ఈ పూట ఆత్మకూరుకు పోతే ఎండ కుడిపక్క గదా ఉండాల? ఇంతసేపటినుంచి నా ఎడం చెంప కాలిపోతా ఉండాది. ఇది కొండాపురం దోవ మాదిరుండాది."

రజిని ఫోను దగ్గరికి వంగింది. "అవ్వా, బండి ఆపమను. వాంతి వస్తోందని చెప్పు. జనం కనపడిన చోట దిగిపో..."

ఫోను చేతులు మారిన చప్పుడు.

"ఎవురమ్మా, రజిని గారా?" రామనారాయణ గొంతు తొణకలేదు, బెణకలేదు. పంచాయతీలో కూర్చున్నట్టే ఉంది. "ముసలామె మాటలకేం గానీ, ఆమెకు దోవ తెలీదు. ఐదింటికల్లా వచ్చేస్తాములే."

ఫోను ఆగిపోయింది. మళ్ళీ చేస్తే మోగలేదు.

కోటేశ్వర్ అప్పటికే మెట్లు దిగుతూ జీపు తియ్యమని అరుస్తున్నాడు, ఇంకో చేత్తో కొండాపురం స్టేషన్‌కు ఫోను కలుపుతున్నాడు. రజిని ఆ పెన్ను పొడిచిన కాగితాన్ని ఫైలుతో సహా చంకన పెట్టుకుని అతని వెనకే పరుగెత్తింది.

యాభై ఏళ్ళు ఆ మిట్టల మీద గొర్రెలు తోలిన శీనమ్మకు దోవ తెలియదట.